తలంబ్రాల దగ్గర ఆగే బొమ్మ

మరదలి పెండ్లిలో నాకు అప్పగించిన పని ఒక్కటే. మామకు పెండ్లి చూపించాలి.

మామ అంటే మా అమ్మ తమ్ముడు, పెండ్లికూతురి తండ్రి. భూపాలపల్లిలో బొగ్గుగనిలో పని చేస్తాడు. శ్రావణంలో పెండ్లి. పత్రికలు సగం పంచాక, ఇంటి ముందర వాన బురదలో బండి జారి తొడ ఎముక విరిగింది. అక్కడి దవాఖానలోనే రాడ్డు వేశారు. కొన్నాళ్ళు మంచం దిగడానికి లేదని డాక్టర్ గట్టిగా చెప్పాడు. మగపెండ్లివాళ్ళది తరిగొప్పుల. మర్యాదస్తులు. వాయిదా వేద్దామని వాళ్ళే ముందు అన్నారు. మామే వినలేదు.

"ముహూర్తం నా కాలుకు పెట్టిన్రా, బిడ్డకు పెట్టిన్రా?" అన్నాడట.

కన్యాదానానికి మామ తమ్ముడూ ఆయన భార్యా, అంటే మా చిన్నమామా చిన్నత్తా కూర్చోవాలని తేల్చారు. పెండ్లి దంతాలపల్లిలో. అమ్మవాళ్ళ ఊరు అదే. మా బాపు భూపాలపల్లిలో మామ మంచం పక్కన ఉంటాడు, లైవ్ వచ్చే ఫోన్ పట్టుకుంటాడు. అంతవరకు అందరికీ బాగానే ఉంది. అప్పుడు చిన్నమామకు ఒక సంగతి గుర్తొచ్చింది.

"గా ఫంక్షన్ హాల్ల సిగ్నల్ ఉండదే. మొన్న ఒకల పెండ్లి లైవ్ల పుస్తె కట్టేటప్పుడే గుండ్రం తిరుగుకుంట కూసున్నది. మన పిలగాడు చేసేది గదే పని కదా, వీడియోల పని. ఆడు చూసుకుంటడు."

నేను అక్కడ లేను. సాయంత్రం రైలు దిగి ఇంటికి వచ్చేసరికి పని నా పేరు మీద ఉంది.

నేను చేసేది వీడియోల పని కాదు. జనగామలో పొద్దున రైలెక్కి హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీకి పోతాను. అక్కడ వీడియోను కుదించే చిప్‌లో ఒక భాగాన్ని డిజైన్ చేస్తాను. ఇది ఇంట్లో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ మాత్రం చెప్పక తప్పదు. లేకపోతే ఆ పది పన్నెండు రోజులు నాకు అన్నం ఎందుకు సహించలేదో అర్థం కాదు.

కదిలే బొమ్మ అంటే వరసగా వచ్చే ఫొటోలు. ఒక్కోదాన్ని ఫ్రేము అంటాం. ప్రతి ఫ్రేమునూ చిప్ చిన్న చదరాలుగా కోసి, ఒక్కో చదరాన్నీ ఒకటే ప్రశ్న అడుగుతుంది. కిందటి ఫ్రేములో నువ్వు ఎక్కడున్నావు? జవాబు దొరికితే పని తేలిక. పాత చదరమే, ఇటు జరిగింది అని నాలుగు అంకెలు రాస్తే చాలు. దొరక్కపోతే ఆ చదరాన్ని మొత్తం మళ్ళీ రాయాలి. గోడకు, స్తంభానికి, కుర్చీలో కునికే పెద్దమనిషికి గతం ఉంటుంది. ఎగిరే గింజకు ఉండదు.

రాసిందంతా ఒక తొట్టిలో పడుతుంది. తొట్టి అడుగున సన్నని పైపు ఉంటుంది. సిగ్నల్ అంటే ఆ పైపే. పైనుంచి ఒకసారి చెంబెడు పడుతుంది, ఒకసారి బిందెలు బిందెలుగా పడుతుంది. కిందనుంచి మాత్రం సన్నగానే పోతుంది. తొట్టి పొంగకుండా కాపలా కాసే భాగం నాది.

పొంగేలా ఉన్నప్పుడు ఆ కాపలాకు రెండు దారులు. చదరాలను మోటుగా రాయవచ్చు. అప్పుడు బొమ్మ కదులుతుంది కానీ మసకబారి గళ్ళు గళ్ళుగా అవుతుంది. లేదా కొన్ని ఫ్రేములను వదిలేయవచ్చు. అప్పుడు బొమ్మ శుభ్రంగా ఉంటుంది కానీ ఆగి ఆగి నడుస్తుంది. నేను మోటుతనానికి ఒక హద్దు పెట్టాను. ఆ హద్దు దాటాల్సి వస్తే ఫ్రేము వదిలేయమన్నాను. ఆఫీసులో అది అందరికీ నచ్చింది. మేము నాణ్యతకు మార్కులు వేసేది పంపిన ఫ్రేములకే. వదిలేసిన ఫ్రేముకు మార్కూ లేదు, కోతా లేదు.

చిప్ ఇంకా తయారీకి పోలేదు. అదే డిజైన్ నింపిన పరీక్ష బోర్డు ఒకటి ఉంది. బలహీనమైన సిగ్నల్ కోసమే దాన్ని చేస్తున్నాం. పెండ్లికి తీసుకుపోతానంటే మా టీమ్ లీడ్ వెంటనే ఒప్పుకున్నాడు.

"పెండ్లి మంచి టెస్ట్" అన్నాడు నవ్వుతూ.

ఆ మాట ఇంటికి పోయే రైలు ఆలేరు దాటేదాకా నన్ను వదల్లేదు. పెండ్లిలో ఏమేం కదులుతాయో మనసులో వరస పెట్టుకున్నాను. పంతులు చెయ్యి, ఫరవాలేదు. అటూ ఇటూ తిరిగే చుట్టాలు, ఫరవాలేదు, మనుషులకు గతం ఉంటుంది. జీలకర్ర బెల్లం, పుస్తె, ఇద్దరూ కూర్చునే ఉంటారు. అక్షింతలు కొంచెం కష్టం, కానీ ఒకసారి పడి అయిపోతాయి. తరువాత తలంబ్రాలు. అక్కడ వరస ఆగిపోయింది.

తలంబ్రాలను మా దిక్కు తలువాలు అంటారు. పసుపు కలిపిన బియ్యం. ఈ మధ్య అందులో ముత్యాలు, రంగురంగుల థర్మాకోల్ గోళీలు కూడా కలుపుతున్నారు. ఇద్దరూ పోటీపడి ఒకరి తలమీద ఒకరు దోసిళ్ళతో పోసుకుంటారు. ఏ గింజ దారి దానిదే. ఏ చదరాన్ని అడిగినా, నేను ఇప్పుడే పుట్టాను అంటుంది. తొట్టి నిండుతుంది, హద్దు వస్తుంది, నా కాపలా ఫ్రేములు వదిలేస్తుంది. పుస్తె కట్టించుకునేటప్పుడు పెండ్లిపిల్ల తల వంచుకునే ఉంటుంది. తలెత్తి నవ్వేది తలంబ్రాలకే. మామకు బొమ్మ ఆగేది సరిగ్గా అక్కడే.

ఇది అనుమానం మాత్రమే. అనుమానాన్ని కొలవందే నాకు నిద్ర పట్టదు. ఆదివారం ఇంటి వరండాలో కెమెరా, బోర్డు పెట్టి, సిగ్నల్ సన్నగా ఉన్నట్టు పైపు బిగించి, ఎదురుగా ఒక కుర్చీ వేశాను.

"అమ్మా, ఆ కుర్చీ మీద దోసిలితోటి బియ్యం పొయ్యవా."

"ఉత్త బియ్యమా?"

"పసుపు కలిపి. తలువాల లెక్క."

అమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. "కుర్చీకి తలువాలు పోస్తరారా ఎవరన్న? పెండ్లి కావాల్సిన పోరనివి ఇంట్ల ఉంటివి. వాకిట్ల నుంచి చూసినోళ్ళు ఏమనుకుంటరు?"

"టెస్టే అమ్మా."

"టెస్ట్ అయితె మక్కలు పోస్త. మక్కలకు ఏ దోషం లేదు."

మక్కలే, అంటే మొక్కజొన్న గింజలే పోసింది. స్క్రీన్ మీద అమ్మ చేతులు దోసిలి పట్టినట్టే గాలిలో నిలబడిపోయాయి. ఎంతసేపో అలాగే ఉన్నాయి. తరువాత ఒక్కసారిగా కుర్చీ నిండా, నేల నిండా మక్కలు. మధ్యలో పోసిన క్షణం లేదు. మళ్ళీ పోయించాను. మళ్ళీ అంతే. పక్కింటి కోళ్ళకు సంగతి తెలిసి వరండా ఎక్కాయి.

అమ్మ నా భుజం మీదినుంచి స్క్రీన్ చూసింది. "గిట్లనా తమ్మునికి కనబడేది? పోసిన్రో లేదో గూడ తెలువది."

కోళ్ళను తరిమి, మిగిలిన మక్కలు ఎత్తాను.

పెండ్లి ముందు రోజు దంతాలపల్లి హాల్‌కు పోయేసరికి ఫొటోగ్రాఫర్ అన్న సామాను దించుతున్నాడు. ఆయనది మహబూబాబాద్. చుట్టుపక్కల మండలాల పెండ్లిళ్ళు చాలావరకు ఆయనవే. మండపం వెనక గోడంత ఎల్‌ఈడీ స్క్రీన్ నిలబెట్టారు. దానిమీద గులాబీ రేకులు ఆగకుండా రాలుతున్నాయి. నేను ఆయన దగ్గరికి పోయాను.

"అన్నా, గా పూలు ఆపరాదు? ఆగి ఉన్న బొమ్మ ఒకటి పెట్టు."

"ఆగిన బొమ్మకు ఫ్లెక్సీ సాలు గద తమ్మీ. స్క్రీన్ ఎందుకు?"

"గది పొగ మిషనా?"

"ఆ. తలువాల కాడ పొగ లేస్తది, రెండు దిక్కుల నుంచి పేపర్ షాట్లు కొడుతం. లైవ్ల చూసేటోళ్ళకు గ్రాండ్‌గ కనబడాలెనని మీ చిన్నమామనే చెప్పిండు."

పొగకు గతం లేదు. షాట్లు చిమ్మే మెరుపు కాగితాలకు లేదు. రాలే రేకులకు లేదు. లైవ్ చూసేవాళ్ళ కోసం తెచ్చినవన్నీ లైవ్ గొంతు పట్టుకునేవే. ఇది హాల్లో నా ఒక్కడికే తెలుసు. చెబితే చాదస్తంగా వినిపిస్తుందని కూడా తెలుసు.

చిన్నమామ టెంట్ వాళ్ళతో మాట్లాడి లోపలికి వచ్చాడు. "ఏందిరా, ఆయనను పరేషాన్ చేస్తున్నవట?"

"మామా, పొగ, షాట్లు వద్దు."

"అన్న లేడని పెండ్లి సప్పగ చేసిండు అని నలుగురు అంటె పడేది నేను. రేపు అన్నకు మొఖం ఎట్ల చూపియ్యాలె?"

"గవన్నీ ఉంటె పెద్దమామకు పెండ్లే కనబడది."

చిన్నమామ స్క్రీన్ వంక చూశాడు, నా బోర్డు వంక చూశాడు. అది చూడడానికి టిఫిన్ డబ్బా అంత ఉంటుంది, తీగలు బయటికి వేలాడుతుంటాయి. దాన్ని నమ్మి పొగ మిషన్ వదులుకోవడం ఎవరికైనా కష్టమే. కొంచెంసేపు మెడ గోక్కున్నాడు.

"షాట్లు రాత్రి రిసెప్షన్‌ల కొట్టు. పొగ గూడ గప్పుడే" అన్నాడు ఫొటోగ్రాఫర్‌తో. రేకులు ఆగిపోయాయి. ఆ సాయంత్రమంతా ఫొటోగ్రాఫర్ అన్న ఎవరు వచ్చినా స్క్రీన్ చూపించి, "ఫ్లెక్సీ అనుకున్నరా? స్క్రీనే. పిల్ల బావ ఆపిచ్చిండు" అని చెప్పాడు.

థర్మాకోల్ గోళీలు మిగిలాయి. ఆడవాళ్ళు తలంబ్రాల బియ్యం పెద్ద బేసిన్‌లో అప్పటికే కలిపేశారు. తీసేయొచ్చా అని చిన్నత్తను అడిగాను.

"తియ్యొచ్చు బిడ్డా. రా, కూసొని ఏరు."

నిజంగానే కూర్చున్నాను. గోళీకి గోళీ ఏరుతుంటే పక్కనున్న ముసలమ్మ ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మరదలు పెండ్లి ఒకనితోటి అయితుంటె బావ తలువాలల్ల గోళీలు ఏరుతుండు. గిసొంటి బావను యాడ చూడలె." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చేతులు ఆపలేదు.

మరదలు మెహందీ ఆరబెట్టుకుంటూ అటు వచ్చింది.

"బావా, రేపు మెల్లగ పొయ్యాల్నా? మా బాపుకు కనబడుతది అంటె ఒక్కొక్క గింజ ఏస్త."

అవును అనాలని నోటిదాకా వచ్చింది. అంటే నా పని సగం తీరేది. తొట్టి నిండదు, హద్దు రాదు, బొమ్మ శుభ్రంగా నడుస్తుంది. కానీ ఆమె ఒక్కొక్క గింజ వేస్తుంటే మామ చూసేది తన బిడ్డ తలంబ్రాలు కాదు, నా డిజైన్‌కు సరిపోయే తలంబ్రాలు.

"నీకు ఎట్ల పొయ్యబుద్ధయితె గట్ల పొయ్యి" అన్నాను.

ఆ తరువాత ఎందుకన్నానా అని భయం పట్టుకుంది.

దారి ఒకటి ఉంది. హద్దు తీసేయడం. లాప్‌టాప్ నుంచి ఒక అంకె మారిస్తే చాలు, కాపలా ఫ్రేములు వదలదు, ఎంత మోటుగానైనా రాసి పంపుతుంది. కానీ ఆ హద్దు అవతల మేము బోర్డును ఎన్నడూ నడపలేదు. అక్కడ లోపలి లెక్కలు తప్పితే బోర్డు బిగుసుకుపోవచ్చు. బిగుసుకుంటే ఆపి మళ్ళీ లేపేలోగా తలంబ్రాలు అయిపోతాయి. ఆగిన బొమ్మ కూడా ఉండదు, నల్లటి ఫోన్ ఉంటుంది. మా లీడ్‌కు మెసేజ్ పెట్టాను. "నీ ఇష్టం. బిగుసుకుంటే లాగ్ తీసుకురా" అని జవాబు వచ్చింది. లాగ్ అంటే బోర్డు తన పని తాను రాసుకునే చిట్టా.

పెండ్లి పొద్దున కెమెరా తీగ బోర్డుకు కలిపి, ఎవరిని అడగాలో తోచక చివరికి బాపుకు ఫోన్ చేశాను.

"బాపూ, మామను ఒక మాట అడుగు. తలువాల కాడ బొమ్మ మంచిగ ఉంటది గని ఆగుతది. లేకపోతె ఆగది గని మసక మసక అయితది, గళ్ళు గళ్ళు అయితది. రెండిట్ల ఏది కావాలె?"

బాపు ఆ మాటను వార్డంతా వినేలా మామకు చెప్పాడు. "ఎంత మసక అని అడుగుతుండు."

"మొఖాలు గుర్తువట్టరావు."

దూరంగా మామ గొంతు వినిపించింది. "నా బిడ్డ మొఖం నాకు ఎరుక లేదా? ఆగిన బొమ్మ అయితె ఫొటో గోడకు ఉన్నది. కదలనియ్యుమను."

ఈ డిజైన్ మీద మేము ఎన్ని మీటింగులు పెట్టుకున్నామో. చూసేవాణ్ణి ఈ ప్రశ్న ఎవరమూ అడగలేదు. అంకె మార్చాను. మార్చాక చేతి చెమట కీబోర్డ్ మీద కనబడింది, రుమాలుతో తుడిచాను.

లైవ్ అంటారు గానీ హాల్లో జరిగింది దవాఖానలో ఫోన్‌కు చేరడానికి దాదాపు అర నిమిషం పడుతుంది. బాపుతో మాట్లాడే ఫోన్ మాత్రం అప్పటికప్పుడే, మాటకు సన్నని పైపు చాలు. చెవిలో ఆ ఫోన్ పెట్టుకుని మండపం పక్కన ఒక మూలన కూర్చున్నాను. ఇక్కడ జీలకర్ర బెల్లం పెట్టారు, తెర దించారు. అక్షింతలు పడ్డాయి. లాప్‌టాప్‌లో తొట్టి మట్టం చూపే గీత కొంచెం లేచి దిగింది. చెవిలో బాపు, "తెర దించుతున్నరు" అన్నాడు. నేను ఊపిరి వదిలాను.

పుస్తె కట్టేటప్పుడు హాల్ పైకప్పు రేకుల మీద వాన మొదలైంది. సిగ్నల్ ఇంకా సన్నబడింది. తొట్టి కింద పైపును ఎవరో వేలితో మూసినట్టు గీత దానంతట అదే పైకి జరిగింది. ఇంకా గింజ పడలేదు.

పళ్ళేలు తెచ్చారు. బాజాలు పెరిగాయి. నేను గీతనే చూస్తున్నాను. మొదటి దోసిలికి గీత సగానికి పోయింది. రెండో దోసిలికి మునుపటి హద్దు దగ్గర ఒక్క క్షణం తడబడినట్టు అనిపించింది, లేక నా కళ్ళే తడబడ్డాయి. తరువాత హద్దు దాటింది. అక్కడినుంచి పైన ఏముందో నాకు తెలియదు. హాల్లో జనం అరుస్తున్నారు, ఎవరో ఈలలు వేస్తున్నారు, నా మెడ మీద కూడా రెండు గింజలు పడ్డాయి. గీత కొసకు తగిలి అక్కడే నిలబడింది. బిగుసుకుందా? ఫ్రేముల లెక్క చూశాను. పెరుగుతోంది. మళ్ళీ చూశాను. పెరుగుతూనే ఉంది. గీత మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

ఇక్కడ అయిపోయింది. నవ్వులు, పంతులు మైకులో ఏదో చెబుతున్నాడు. అక్కడ ఇంకా మొదలు కాలేదు.

"బాపూ, ఏమొస్తుంది?"

"పుస్తె కాడనే ఉన్నది. ఆ, పళ్ళేలు వచ్చినయి."

తరువాత దవాఖానలో ఎవరో స్ట్రెచర్ తోసుకుపోతున్న చప్పుడు.

"ఆగిందా బాపూ?"

"ఆగలే. నువ్వు జర ఆగు."

ఆగాను.

"ఏం కనబడుతలేదురా" అన్నాడు బాపు చివరికి. "అంత పచ్చగ, గళ్ళు గళ్ళు. పిల్ల ఎవరో పిలగాడు ఎవరో తెలుస్తలేదు."

మామకు సారీ చెప్పమందామనుకున్నాను. అంతలో ఫోన్లో వెనకనుంచి మామ నవ్వు వినిపించింది. పొడిదగ్గులాంటి నవ్వు, ఆయనకు కాలు నొప్పి లేస్తున్నా ఆపుకోలేనట్టు.

"ఎడమ చెయ్యి. బావా, చూడు, ఎడమ చెయ్యితోటే పోస్తుంది. సిన్నప్పటి సంది అంతే, అన్నం తినెతందుకు కుడి చెయ్యి, మిగిలిన అన్నిటికి ఎడమ. పంతులు చెప్పినా ఇనలే."

"యాడ? నాకు కనబడుతలేదు" అన్నాడు బాపు.

"గా పచ్చ గడ్డ ఊగుతలేదా, ఈ దిక్కు? గదే."

బాపు ఇంకా వెతుకుతూనే ఉన్నాడనుకుంటాను. ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. ఈసారి మామ గొంతు దగ్గరగా వచ్చింది.

"అల్లుడా, ఆఖరుకు పళ్ళెం పళ్ళెమే బోర్లిచ్చింది కదరా పిలగాని నెత్తి మీద?"

నేను మండపం వైపు చూశాను. మరదలు కూర్చుని పైటమీది గింజలు దులుపుకుంటోంది. పెండ్లికొడుకు జుట్టు నిండా పసుపు. పళ్ళెం ఎవరో అప్పటికే తీసేశారు.

"నేను చూడలే మామా" అన్నాను.

"నేను చూసిన" అన్నాడు మామ.